ఎంఎన్‌డీ అని రాశారు సరే, అందులో ఏ రకం?

నరాల జబ్బు అనగానే అనంతపురం, హిందూపురం, మదనపల్లె, ఆదోని వైపు మనవాళ్ళు బెంగళూరు రైలెక్కుతారు. ఊళ్ళో చూసిన డాక్టరు చీటీ మీద 'ఎంఎన్‌డీ' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపి ఉంటారు. రైల్లోనే పిల్లలెవరో ఫోన్లో వెతుకుతారు. 'బతికేది రెండు నుంచి ఐదేళ్ళు' అన్న ముక్క కళ్ళబడుతుంది. మెజెస్టిక్‌లో దిగేసరికి ఇంటిల్లిపాదికీ సగం ప్రాణం పోయి ఉంటుంది.

నేను బెంగళూరులో ఇళ్ళకు వెళ్ళి చేసే ఫిజియోథెరపిస్టుని. కేఆర్ పురం, మారతహళ్ళి, బొమ్మనహళ్ళి వైపు తెలుగు ఇళ్ళే నాకు ఎక్కువ. ఈ మూడక్షరాలు మోసుకొచ్చిన ప్రతి కుటుంబానికీ మొదట చెప్పేది ఒకటే: ఆ అంకెను పక్కన పెట్టండి, ముందు రకం తేల్చుకోండి. ఎంఎన్‌డీ అంటే మోటార్ న్యూరాన్ డిసీజ్, కండలను కదిపే నరకణాలు చెడిపోవడం. ఆ పేరు కింద చాలా జబ్బులున్నాయి. కొన్ని వేగంగా ముదురుతాయి. కొన్ని ఇరవై, ముప్పై ఏళ్ళు నడుస్తాయి. ఒకటి కొన్నేళ్ళు ముదిరి తనంతట తానే ఆగిపోతుంది. ఒకదానికి విటమిన్ మాత్రలు పనిచేస్తాయి. వీటన్నిటికీ ఒకే గడువు అంటగట్టుకుని ఏడవడం మనిషికి మనం చేసే అన్యాయం.

రకం తేల్చేది న్యూరాలజిస్టే, ఇంట్లో కూర్చుని మనం కాదు. కాని డాక్టరు ముందు మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో ఏం చెప్పాలి, ఏం చూపించాలి, ఏం అడగాలి అన్నది మీ చేతిలో ఉంది. ఇది దానికోసం రాస్తున్నాను.

ముందు పై న్యూరాన్, కింది న్యూరాన్ అన్న రెండు మాటలు పట్టుకోండి

కాలు కదపాలని మెదడు అనుకుంటే ఆ ఆజ్ఞ రెండు అంచెల్లో వెళుతుంది. మెదడు పైపొరలో బయలుదేరి వెన్నుపాము దాకా వచ్చేది పై మోటార్ న్యూరాన్. అక్కడ దాన్ని అందుకుని కండకు చేర్చేది కింది మోటార్ న్యూరాన్. నాలుక, గొంతు, ముఖం కండలకైతే ఈ రెండో అంచె వెన్నుపాములో కాకుండా మెదడు కాండంలో మొదలవుతుంది. సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఒక లైను, అక్కణ్ణుంచి మన ఇంటికి సర్వీసు వైరు ఉన్నట్టే. ఏది తెగినా దీపం వెలగదు. కాని ఎక్కడ తెగిందో తెలిసినవాడు చూసి చెప్పగలడు. డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూసేది అందుకే.

పై న్యూరాన్ దెబ్బతింటే కండ అంతగా కరగదు, బిగుసుకుంటుంది. కాలు కర్రలా మొరాయిస్తుంది. సుత్తి తగలగానే ఎగిరిపడుతుంది. అరికాలు గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోవలసింది పోయి పైకి లేస్తుంది. మాట నెమ్మదించి, గొంతు నొక్కిపట్టి మాట్లాడుతున్నట్టు వస్తుంది. చిన్న విషయానికే ఏడుపో నవ్వో తన్నుకొచ్చి ఆగకపోవడం కూడా ఈ వైపు లక్షణమే.

కింది న్యూరాన్ దెబ్బతింటే కండ చిక్కిపోతుంది, మెత్తబడుతుంది, చర్మం కింద అదురుతుంది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయి. సుత్తితో కొట్టినా కదలిక తగ్గిపోతుంది, లేదా అసలు ఉండదు.

పెద్దవాళ్ళలో వచ్చే రకాల మధ్య తేడా చాలావరకు ఈ రెండింటి పాళ్ళలోనే ఉంది. రెండూ కలిసి ఉన్నాయా, ఒకటే ఉందా, ఏ భాగంలో ఉంది, ఎంత వేగంగా పక్కకు పాకుతోంది అన్నవే అసలు ప్రశ్నలు. ఇంకో సంగతి. మామూలుగా ఈ జబ్బుల్లో స్పర్శ పోదు, కనుగుడ్లు తిరగడం చెడదు, మూత్రం మీద పట్టు చాలాకాలం నిలుస్తుంది. మీవాళ్ళకు తిమ్మిర్లు, మొద్దుబారడం, మూత్రం ఆగకపోవడం ఎక్కువగా ఉంటే ఆ మాట మొట్టమొదట చెప్పండి. దారి వేరే జబ్బు వైపు తిరగవచ్చు.

ఇంట్లో చూడగలిగినవి చూసి రాసుకోండి

ఒక నోటు పుస్తకం కొనండి. మంచి వెలుతురులో మనిషిని కూర్చోబెట్టి, రెండు చేతులూ బల్ల మీద పెట్టించండి. ముందు అరచేతులు పైకి. బొటనవేలి మొదట్లో ఉండే కండ దిబ్బను చూడండి, తర్వాత చిటికెన వేలి కింద ఉండే దిబ్బను చూడండి. ఇప్పుడు చేతులు తిప్పించి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, చేతి వెనకవైపు ఉండే కండను చూడండి. ఎంఎన్‌డీలో ఎక్కువమందికి వచ్చే రకం ఏఎల్‌ఎస్. అది చేతిలో మొదలైతే తరచుగా బొటనవేలి వైపు ఉన్న ఈ రెండు చోట్లా గుంట పడుతుంది, చిటికెన వేలి వైపు మాత్రం కండ నిండుగా మిగులుతుంది. స్ప్లిట్ హ్యాండ్ అంటారు. మెడ దగ్గర నరం నొక్కుకున్నా, మోచేతి దగ్గర నరం దెబ్బతిన్నా కండ తగ్గే తీరు వేరుగా ఉంటుంది. రెండు చేతులకూ ఫోటో తీసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత అదే బల్ల మీద, అదే వెలుతురులో తీసే ఫోటోకు ఇది జత.

కండ అదరడం చూడాలంటే చొక్కా తీయించి, కదలకుండా కొన్ని నిమిషాలు కూర్చోబెట్టండి. భుజాలు, రెట్టలు, తొడలు గమనించండి. అదిరితే వీడియో తీయండి, ఎందుకంటే డాక్టరు చూసే క్షణంలో అది అదరకపోవచ్చు. ఇది చదివి భయపడేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: కనురెప్పో పిక్కో అదరడం ఆరోగ్యవంతులకూ ఉంటుంది. అలసట, నిద్రలేమి, కాఫీ ఎక్కువైనా వస్తుంది. బలం తగ్గకుండా, కండ చిక్కకుండా, ఊరికే అదరడం ఒక్కటే ఉంటే అది సాధారణంగా ఎంఎన్‌డీ కాదు.

నాలుకను నోట్లోనే వదులుగా ఉంచమని ఫోను టార్చి వేసి చూడండి. బయటికి చాపితే ఎవరి నాలుకైనా కాస్త వణుకుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మిగతావి రోజువారీ పనుల్లోనే తెలుస్తాయి. కాలి నుంచి చెప్పు తెలియకుండా జారిపోతోందా. గడప దాటేటప్పుడు పాదం తగులుతోందా. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేస్తున్నాయా. గుండీలు ఎవరు పెడుతున్నారు. ఆ మధ్య కేఆర్ పురంలో ఒక ఇంట్లో ఆయన "నాకేం లేదమ్మా, కాస్త నీరసం" అంటుంటే, ఆవిడ వంటింట్లోంచే "ఆయనకి అన్నం కలుపుకోవడం రావట్లేదండీ, నేనే కలిపి స్పూను వేసి ఇస్తున్నా" అంది. పరీక్షలన్నిటికంటే ముందు ఆ మాటే నాకు ఎక్కువ చెప్పింది. వేళ్ళతో పప్పూ అన్నమూ కలిపి ముద్ద చేయడానికి చేతిలోని చిన్న కండలన్నీ కావాలి.

భోజనానికి ఎంతసేపు పడుతోందో రాయండి. అన్నానికి పొలమారుతోందా, మంచినీళ్ళకా? మొదట్లో నీళ్ళకే ఎక్కువగా పొలమారుతుంది. బరువు రెండు వారాలకొకసారి ఒకే మిషను మీద చూడండి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక దిండ్లు పెంచుకుంటున్నారా, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటోందా, పగలు కునికిపాట్లు పడుతున్నారా అన్నవి తప్పనిసరిగా రాయండి. ఇవి ఊపిరితిత్తుల జబ్బులా అనిపించవు, అందుకే ఎవరూ చెప్పరు. ఊపిరి పీల్చే కండ బలహీనపడుతోందని మొదట చెప్పేవి ఇవే.

స్వభావం మారిందా అన్నది అడగడానికి కుటుంబాలు మొహమాటపడతాయి. మొహమాటం వద్దు. ఏఎల్‌ఎస్ వచ్చినవారిలో పదిమందిలో ఒకరికి పైగా మెదడు ముందుభాగం కూడా దెబ్బతింటుంది. మొండితనం, దేనిమీదా పట్టనట్టు ఉండడం, తీపి విపరీతంగా తినడం, కొత్తవాళ్ళ ముందు మర్యాద మరిచిపోవడం కనిపిస్తే అది జబ్బులో భాగం కావచ్చు.

ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది

తారీఖులు ఎవరికీ గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి. సంక్రాంతికి ముగ్గు వేసింది, ఉగాదికి చేయి రాలేదు, వినాయక చవితికి మాట ముద్దగా వచ్చింది. ఇలా అడిగి రాయండి. డాక్టర్లు శరీరాన్ని నాలుగు భాగాలుగా చూస్తారు: నోరు-గొంతు, చేతులు, నడుం పైభాగం, కాళ్ళు. మొదలైన భాగం నుంచి రెండో భాగానికి వెళ్ళడానికి ఎన్ని నెలలు పట్టిందన్నది వేగం గురించి అన్నిటికంటే నమ్మదగిన సూచనల్లో ఒకటి.

ఏఎల్‌ఎస్‌ఎఫ్‌ఆర్‌ఎస్-ఆర్ అని ఒక కొలత ఉంది. మాట, చొంగ, మింగడం, రాత, తిండి తినడం, బట్టలు వేసుకోవడం, పక్క మీద ఒత్తిగిలడం, నడక, మెట్లు, ఊపిరి... ఇలా 12 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, మొత్తం 48. మొదటి చూపులోనే ఆ మార్కులు వేయించుకుని పుస్తకంలో రాసుకోండి. తర్వాత నెలకు ఎన్ని తగ్గుతున్నాయో మీకే కనిపిస్తుంది.

ఇప్పుడు రకాలను పక్కపక్కన పెట్టి చూడండి

ఎక్కువమందికి వచ్చేది ఏఎల్‌ఎస్, అమయోట్రోఫిక్ లాటరల్ స్క్లిరోసిస్. 1869లో ఫ్రాన్స్‌లో షార్కో వర్ణించాడు. దీని గుర్తు పై, కింది న్యూరాన్లు రెండూ కలిసి చెడడం. ఒకే చేతిలో కండ కరిగి, అదురుతూ, అదే చేతిలో సుత్తి దెబ్బకు రిఫ్లెక్సు ఎగిరిపడుతుంటే న్యూరాలజిస్టు మొహం మారుతుంది. కండ కరిగినచోట రిఫ్లెక్సు తగ్గాలి, పెరగకూడదు. ఏఎల్‌ఎస్ దాదాపు మూడింట రెండొంతులమందిలో చేతిలోనో కాలిలోనో ఒకవైపు మొదలవుతుంది. ఫోన్లో కనబడే ఆ అంకె దీనిదే. అందులోనూ పదిమందిలో ఒకరు పదేళ్ళు దాటుతారు. బెంగళూరులోని పెద్ద నరాల ఆసుపత్రి నిమ్హాన్స్ వైద్యులు 30 ఏళ్ళలో తమ దగ్గరికొచ్చిన 1,153 మంది ఏఎల్‌ఎస్ రోగుల వివరాలు 2008లో ప్రచురించారు. జబ్బు మొదలైన సగటు వయసు సుమారు 46. పడమటి దేశాల్లో అది అరవై దగ్గర ఉంటుంది. కాబట్టి 'ఇంత చిన్న వయసులో రాదులే' అని ఎవరైనా అంటే ఆగిపోకండి.

అదే జబ్బు నోటిలో మొదలైతే బల్బార్ ఆరంభం అంటారు. నాలుగింట ఒకరికి ఇలా వస్తుంది, వయసు మళ్ళిన ఆడవాళ్ళలో కాస్త ఎక్కువ. మాట ముద్దగా, ముక్కుతో మాట్లాడినట్టు రావడం, పొలమారడం, చొంగ. పక్షవాతమేమో అని మొదట మెదడు స్కాను తీయిస్తారు, అందులో ఏమీ ఉండదు. ఈ రకంలో వేగం ఎక్కువ కాబట్టి తిండి, ఊపిరి ఏర్పాట్లు మొదటి నెలల్లోనే మాట్లాడుకోవాలి. మాట బాగున్నప్పుడే వారి గొంతులో రోజూ వాడే మాటలు, పిల్లల పేర్లు ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత మాట్లాడే యాప్ వాడాల్సి వస్తే పనికొస్తాయి.

కింది న్యూరాన్ ఒక్కటే చెడితే ప్రోగ్రెసివ్ మస్కులర్ అట్రోఫీ, పొట్టిగా పీఎంఏ. కండ కరుగుతుంది, బిగుతు ఉండదు, అరికాలు గీస్తే వేలు పైకి లేవదు. మగవాళ్ళలో ఎక్కువ, సగటున ఏఎల్‌ఎస్ కంటే నెమ్మది. ఇక్కడ ఒక తికమక వస్తుంది. ఒక డాక్టరు పీఎంఏ అంటారు, ఇంకొకరు అదే ఫైలు చూసి ఏఎల్‌ఎస్ అంటారు. ఇద్దరూ పోట్లాడుకోవడం లేదు. 2020లో వచ్చిన గోల్డ్ కోస్ట్ ప్రమాణాల ప్రకారం రెండు భాగాల్లో కింది న్యూరాన్ లక్షణాలు ముదురుతూ, వేరే కారణం లేకపోతే అదీ ఏఎల్‌ఎస్ లెక్కలోకే వస్తుంది. పీఎంఏగా మొదలైనవారిలో కొందరికి తర్వాత పై న్యూరాన్ లక్షణాలు బయటపడతాయి కూడా. మీరు పేరు కోసం కాకుండా 'ఇప్పటికి పై న్యూరాన్ లక్షణం ఏదైనా కనబడిందా డాక్టర్?' అని అడగండి.

దానికి సరిగ్గా ఎదురుగా ఉండేది పీఎల్‌ఎస్, ప్రైమరీ లాటరల్ స్క్లిరోసిస్. పై న్యూరాన్ ఒక్కటే. సాధారణంగా నడివయసు దాటాక రెండు కాళ్ళు బిగుసుకోవడంతో మొదలై, ఏళ్ళ మీద చేతులకూ మాటకూ వస్తుంది. కండ పెద్దగా చిక్కదు. దీనితో ఇరవై ఏళ్ళు బతికేవారున్నారు. కాని దీన్ని మొదటి రోజే ఖాయం చేయలేరు. లక్షణాలు మొదలై 2 నుంచి 4 ఏళ్ళ మధ్య కింది న్యూరాన్ జాడ లేకపోతే 'బహుశా', 4 ఏళ్ళు దాటితే 'ఖాయం' అన్నది ఇప్పటి పద్ధతి. ఆలోగా ఈఎంజీ, అంటే కండలో సన్న సూది గుచ్చి దాని పనితీరు చూసే పరీక్ష, మళ్ళీ మళ్ళీ చేస్తారు. 'మళ్ళీ సూదులు ఎందుకు' అని మానేయకండి, ఆ సూదుల మీదే రకం ఆధారపడి ఉంది. వంశంలో ఇలాగే కాళ్ళు బిగుసుకున్నవారుంటే హెరిడిటరీ స్పాస్టిక్ పారాప్లీజియా అనే వేరే జబ్బు కూడా ఆలోచిస్తారు.

ఫ్లెయిల్ ఆర్మ్ అన్నది చూడగానే గుర్తుండిపోతుంది. రెండు భుజాల కండలూ కరిగి చేతులు పక్కన వేలాడుతుంటాయి, మనిషి మాత్రం మామూలుగా నడిచి లోపలికి వస్తాడు. మగవాళ్ళలో చాలా ఎక్కువ. ఏడాదికి పైగా బలహీనత చేతులకే పరిమితమైతే ఈ పేరు పెడతారు. కాళ్ళకు ఇదే తీరులో వస్తే ఫ్లెయిల్ లెగ్: పాదం వేలాడడం, మడమ దగ్గర రిఫ్లెక్సు పోవడం. నడుము డిస్కు అనుకుని నెలల తరబడి బెల్టు పెట్టుకుని తిరిగేది ఎక్కువగా వీళ్ళే. ఈ రెండూ మామూలు ఏఎల్‌ఎస్ కంటే నెమ్మదిగా వెళతాయి.

మగవాళ్ళు, ముప్పై నుంచి యాభై మధ్య, చాలా నెమ్మదిగా తొడలు భుజాలు బలహీనపడుతూ, గడ్డం చుట్టూ పెదవుల చుట్టూ కండ అదురుతూ, చేతులు వణుకుతూ, రొమ్ములు పెరిగి ఉంటే కెనడీ జబ్బు పరీక్ష అడగండి. ఇది తల్లి వైపు నుంచి వస్తుంది. నాన్నకు లేదు కదా అని వంశంలో లేదని చెప్పేస్తారు, అలా చెప్పకండి. అమ్మ తోడబుట్టిన మేనమామలు, అమ్మ తండ్రి ఎలా ఉండేవారో కనుక్కుని చెప్పండి. రక్తంతో చేసే ఒక జన్యు పరీక్షతో తేలిపోతుంది. ఏఎల్‌ఎస్ అనుకుని కుంగిపోయిన మనిషికి ఇది దాదాపు మామూలు ఆయుష్షున్న జబ్బని తెలియడం ఎంత పెద్ద సంగతో వేరే చెప్పాలా.

వయసు ముప్పై లోపైతే ఈ భాగం రెండుసార్లు చదవండి

నాకు అన్నిటికంటే బాధ కలిగేది కుర్రవాళ్ళ ఫైళ్ళలో వివరం లేకుండా ఎంఎన్‌డీ అని రాసి ఉండడం. ముప్పై లోపు వయసులో ఏఎల్‌ఎస్ రావచ్చు. కాని అంతకంటే మెతకవైన రకాలు కొన్ని ఈ వయసులోనే వస్తాయి, వాటిలో ఒకటి మన దక్షిణాదిలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటిది హిరయామా జబ్బు. 1959లో జపాన్ వైద్యుడు కెయిజో హిరయామా చెప్పాడు. మన దేశంలో ఒకే చేయో ఒకే కాలో చిక్కిపోయే ఈ తరహా జబ్బుకు మోనోమెలిక్ అమయోట్రోఫీ అన్న పేరు నిమ్హాన్స్‌లో పనిచేసిన డాక్టర్ గౌరీదేవి బృందం 1984లో పెట్టింది. పదిహేను నుంచి ఇరవై ఐదేళ్ళ మగపిల్లలు, ఒక చేయి, మణికట్టు కింద, ముంజేయి లోపలివైపు కండ చిక్కిపోతుంది. చలికి వేళ్ళు ఇంకా మొరాయిస్తాయి. డిసెంబరులో పొద్దున్నే బండి బ్రేకు పట్టుకోలేకపోతున్నా అన్న ఇంజనీరింగ్ కుర్రాడి మాట దీనికి పెద్ద ఆధారం. నొప్పి ఉండదు, తిమ్మిరి ఉండదు. ఒకటి నుంచి ఐదేళ్ళు ముదిరి ఆగిపోతుంది. మెడ నిటారుగా ఉంచి తీసే మామూలు ఎమ్మారైలో ఇది తప్పిపోవచ్చు. మెడ ముందుకు వంచి తీస్తే వెన్నుపాము వెనకపొర ముందుకు జరిగి వెన్నుపామును నొక్కడం కనబడుతుంది. కాబట్టి స్కాను రాసేటప్పుడే 'మెడ వంచి కూడా తీస్తారా?' అని అడగండి. తేలితే మెడ వంగకుండా కాలర్ పెట్టిస్తారు. ముదిరే కాలంలోనే పెడితే ఎక్కువ ఉపయోగం.

రెండోది మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్. 1970లో చెన్నై వైద్యులు మీనాక్షిసుందరం బృందం మొదట నివేదించారు. తమిళనాడు, ఆంధ్ర, కర్ణాటకల నుంచే ఎక్కువ కేసులు వచ్చాయి. చిన్నతనంలోనో ఇరవైల్లోనో మొదలవుతుంది. చేతులు కాళ్ళు సన్నబడతాయి, ముఖం కండలు బలహీనమై కళ్ళు గట్టిగా మూయలేరు, పెదవులు బిగించలేరు, మాట ముక్కుతో వస్తుంది. వీటితో పాటు రెండు చెవులకూ వినికిడి తగ్గుతుంది. చెవుడు సంగతి ఇంటివాళ్ళు నరాల డాక్టరుకు చెప్పరు, అది వేరే సమస్య అనుకుంటారు. చెప్పండి, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) రిపోర్టు ఉంటే ఫైల్లో పెట్టండి. ఇది చాలా నెమ్మది జబ్బు, దశాబ్దాల పాటు పనులు చేసుకుంటూ బతికినవారున్నారు.

ఇదే పోలికలతో, చెవుడూ మింగలేకపోవడమూ కలిసి వచ్చే ఇంకో జబ్బుంది: రైబోఫ్లేవిన్ ట్రాన్స్‌పోర్టర్ లోపం. పాత పేరు బ్రౌన్-వియలెట్టో-వాన్ లేర్. శరీరంలో విటమిన్ బీ2ను కణాల్లోకి చేర్చే ప్రొటీను జన్యులోపం వల్ల సరిగా పనిచేయదు. చికిత్స ఎక్కువ మోతాదు రైబోఫ్లేవిన్, డాక్టరు లెక్కతో. త్వరగా మొదలుపెడితే జబ్బు ఆగవచ్చు, పోయిన బలం కొంత తిరిగి రావచ్చు. పిల్లలకు, యువకులకు చెవుడుతో కూడిన ఎంఎన్‌డీ అని రాసి ఉంటే ఈ పరీక్ష, ఈ చికిత్స గురించి అడగకుండా గది బయటికి రాకండి.

తల్లిదండ్రులది మేనరికమా అని డాక్టర్లు అడిగితే కొందరు చిన్నబుచ్చుకుంటారు. తప్పు పట్టడానికి అడగరు. పైన చెప్పిన రైబోఫ్లేవిన్ లోపం లాంటివి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిసినప్పుడు వస్తాయి. స్పైనల్ మస్కులర్ అట్రోఫీ, ఎస్ఎంఏ కూడా అంతే. ఆరు నెలల్లోపు మొదలైతే టైపు 1, బిడ్డ కూర్చోలేదు. ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య అయితే టైపు 2, కూర్చుంటుంది కాని నడవదు. ఆ తర్వాతదైతే టైపు 3, నడక వచ్చి తర్వాత బలహీనపడుతుంది. పెద్దయ్యాక వచ్చేది టైపు 4. ఎస్ఎంఎన్1 జన్యు పరీక్షతో చాలావరకు ఖాయమవుతుంది. దీనికి 2016 నుంచి మూడు మందులు వచ్చాయి, వాటిలో రిస్డిప్లామ్ నోటితో తాగేది. ఖరీదు చాలా ఎక్కువ, అందుకే సాయం చేసే పథకాల గురించి మొదటి రోజే అడగాలి. తర్వాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవడం మరవకండి.

ఎంఎన్‌డీలా కనిపించే వేరే జబ్బులు లేవని తేల్చారా?

'ఏ ఏ జబ్బులు కాదని తేల్చారు?' అని అడిగి, జవాబు పుస్తకంలో రాసుకోండి. మెడ ఎముకలు అరిగి వెన్నుపాము నొక్కుకుంటే చేతుల్లో కండ కరగడం, కాళ్ళల్లో బిగుతు రెండూ వస్తాయి, అచ్చం ఏఎల్‌ఎస్ లాగే. అందుకే మెడ ఎమ్మారై తప్పదు. దీనికి తిరగేసిన ప్రమాదమూ ఉంది. యాభై దాటినవారి మెడ స్కానులో అరుగుదల కనబడడం మామూలే. ఆ స్కాను చూసి ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత అసలు జబ్బు ఏఎల్‌ఎస్ అని తేలినవారు తక్కువమందేం కాదు. నాలుక అదురుతున్నా, మాట మారినా, ఆ లోపం మెడ ఎముకలది కాదు. మెడకో నడుముకో కోత పెట్టే ముందు న్యూరాలజిస్టు చేత ఒకసారి చూపించి ఈఎంజీ చేయించండి.

మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ అనే జబ్బు ఒక చేతి మణికట్టు వేలాడడంతో మొదలై పీఎంఏలా కనిపిస్తుంది. దానికి ఇమ్యూనోగ్లోబులిన్ ఇంజెక్షన్లతో బలం తిరిగివస్తుంది. నరాల వేగం పరీక్షలో అడ్డంకి ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది, జీఎం1 యాంటీబాడీ పరీక్ష తోడుగా ఉంటుంది. మింగడం, మాట సాయంత్రానికి ఎక్కువ చెడి పొద్దునకు బాగుంటే మయస్తీనియా అనే వేరే జబ్బేమో చూడాలి. థైరాయిడ్, బీ12, సీకే, హెచ్ఐవీ, సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ రక్త పరీక్షలు మామూలుగా రాస్తారు. ఏది మిగిలిపోయిందో చూసుకోండి.

బెంగళూరు వచ్చేటప్పుడు

నిమ్హాన్స్ హోసూరు రోడ్డులో ఉంది. మొదటిసారి వచ్చేవారు పొద్దున్నే ఓపీడీలో పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడ మొదట చూసిన డాక్టర్లు అవసరమనుకుంటే న్యూరోమస్కులర్ విభాగానికి పంపుతారు. ఒక్క పూటలో అంతా అయిపోతుందని రానుపోను టికెట్లు తీయకండి. కన్నడం రాకపోయినా తెలుగుతో పని జరుగుతుంది. కాని జబ్బు కథ మొత్తం తెలిసిన ఒక్కరు పక్కనుండాలి. ఇంట్లో రోజూ వెంట ఉండి వండిపెట్టేవాళ్ళు వస్తే మంచిది, ఊరికే కారు తోలేవాళ్ళు కాదు.

ఎమ్మారై రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు, ఫిల్ములు లేదా సీడీ తీసుకురండి. పాత ఈఎంజీ కాగితాలు, మీ వీడియోలు, ఫోటోలు, నోటు పుస్తకం. ఈఎంజీ రోజు స్నానం చేసి రావాలి, ఒంటికి నూనె, క్రీము రాయకూడదు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి. సూది గుచ్చినచోట రెండు రోజులు నొప్పి ఉంటుంది, భయం లేదు.

రకం తేలాక అడగాల్సినవి

ఏఎల్‌ఎస్ అయితే రిలుజోల్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. 1995 నుంచి వాడుకలో ఉంది, సగటున కొన్ని నెలల ఆయుష్షు కలుపుతుంది, లివరు పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఎడరవోన్ కొందరికి రాస్తారు. ఎస్ఓడీ1 జన్యువు వల్ల వచ్చినదైతే దానికే ప్రత్యేకమైన టోఫెర్సెన్ అనే మందు 2023లో అమెరికాలో అనుమతి పొందింది, కాబట్టి వంశంలో ఇంకొకరికి ఉంటే, లేదా వయసు చిన్నదైతే, జన్యు పరీక్ష అడగడంలో అర్థముంది.

మందులకంటే ఊపిరి, తిండి ఏర్పాట్లే ఎక్కువ రోజులు, మెరుగైన రోజులు ఇస్తాయని నేను ఇళ్ళల్లో చూస్తున్నాను. మూడు నెలలకొకసారి ఎఫ్‌వీసీ ఊపిరి పరీక్ష అడగండి. రాత్రిపూట బైప్యాప్, అంటే మాస్కుతో గాలిని లోపలికి నెట్టే యంత్రం, ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే మాట్లాడుకోండి. ఒక హెచ్చరిక: ఆయాసం అనగానే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ కొని పెట్టేస్తారు. ఇక్కడ లోపం గాలి లోపలికి లాగే కండది. బైప్యాప్ లేకుండా ఆక్సిజన్ ఒక్కటే పెడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి వెళ్ళే ప్రమాదం ఉంది. కడుపులోకి నేరుగా తిండి పంపే పెగ్ గొట్టం వేయించాలంటే ఎఫ్‌వీసీ సగానికి పడిపోకముందే వేయించడం క్షేమం. అది వేయించుకున్నా రుచికి నోటితో కాస్త తినవచ్చు, ఆ మాట ఎవరూ చెప్పక చాలామంది ఒప్పుకోరు.

పీఎల్‌ఎస్‌లో బిగుతు తగ్గించే బాక్లోఫెన్, రోజూ సాగదీసే వ్యాయామం, పడకుండా ఇంట్లో పట్టుకునే కమ్మీలు ముఖ్యం. ఫ్లెయిల్ ఆర్మ్‌లో భుజం కీలు జారకుండా చేతికి ఆనుడు కావాలి. నెమ్మది రకాల్లో ఉద్యోగం, చదువు మానిపించకండి. ఏ రకంలోనైనా అలసిపోయేదాకా బరువులు ఎత్తించడం వద్దు. మర్నాటికీ తగ్గని నీరసం వచ్చిందంటే వ్యాయామం ఎక్కువైనట్టే. నవ్వు, ఏడుపు ఆగకపోవడానికి మందులున్నాయి, అడగండి. ఇక స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లతో నయం చేస్తామని లక్షలు అడిగేవారి దగ్గరికి పొలం అమ్ముకుని వెళ్ళకండి. అవి ఎంఎన్‌డీని నయం చేస్తాయని రుజువు కాలేదు. ఆ డబ్బు బైప్యాప్‌కు, మంచి పరుపుకు, వీల్‌చైర్‌కు, చూసుకునే మనిషికి కావాలి.

మొదటి ఏడాదిలో రాసిన రకం పేరు తర్వాత మారవచ్చు. అందుకే తిరిగి చూపించుకునేటప్పుడు అదే పుస్తకం, కొత్త ఫోటోలు, కొత్త మార్కులు పట్టుకెళ్ళండి. వికలాంగుల ధ్రువపత్రం ఆంధ్రలో అయితే సదరం క్యాంపులో ఇస్తారు. నడక ఉండగానే, మెట్లు ఎక్కగలిగినప్పుడే స్లాటు పెట్టుకోండి. బెంగళూరు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఈఎంజీ రిపోర్టు రెండింటికీ మూడేసి నకళ్ళు తీసి ఊరికి తీసుకెళ్ళండి, అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి.